ఊపిరి మర్యాద
(స్మారకోపన్యాసము)



ఏ వైద్యుని స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏటేట జరుగుచున్నదో, ఆయనను గూర్చి ఈ పట్టణవాసులకు నేను క్రొత్తగా చెప్పగలిగిన దేమియు లేదు. ఆయన ఇచ్చిన మందుతో కోలుకొన్నవారును, ఆయన చేతిమీదుగా పుట్టినవారును ఈ సభలోనే కలరు. నేనెరిగిన అలవాటు నొకదానిని మాత్రము స్మరింతును. దగ్గుతోను పడిశముతోను వచ్చిన రోగిని ఆయన లోపలి గదిలోనికి పిలిచెడివారు కారు. గాలి ధారాళముగా వీచు వసారాలో బల్లమీద కూర్చుండబెట్టి, తామే లేచి వచ్చి, నాడి పట్టి, రొమ్ముమీద గొట్టము ఆనించి పరీక్షించెడివారు. ఇందుకు నొచ్చుకొన్నవారితో, "లోపల చంటిపిల్లల తల్లులు కూర్చున్నారయ్యా, ఇక్కడనైతే మీకు గాలి, వారికి క్షేమము" అని నవ్వుచు అనెడివారు. ఆ మాటలో ఇమిడియున్న శాస్త్రమును, దానికంటె ముఖ్యముగా అందులోని ధర్మమును, నా శక్తికొలది విప్పి చెప్పుటయే నేటి ప్రయత్నము.

విషయము చూడ చిన్నది. దగ్గు, తుమ్ము, ఉమ్ము, చేతులు కడుగుకొనుట, కిటికీ తెరచుట, ఇంతే. స్మారకోపన్యాసమునకు ఇంతకంటె గంభీరమైన వస్తువు దొరకలేదా అని ఎవరికైన తోచినచో, నూరేండ్ల క్రిందటి మన చరిత్రలోని ఒక పుటను తిరుగవేసి చూడుడని ప్రార్థింతును. 1918వ సంవత్సరము జూన్ మాసమున బొంబాయి రేవులో అడుగుపెట్టిన ఇన్‌ఫ్లుయెంజా, రైలుమార్గముల వెంబడి దేశమెల్ల ప్రాకి, వానకాలము వెళ్లునప్పటికి ద్విగుణితమైన క్రౌర్యముతో విజృంభించి, కొద్ది మాసములలో కోటికి పైగా ప్రాణములను కబళించినది. నేటి భారతదేశపు ఎల్లలలో 1911లో 25 కోట్ల 21 లక్షలుగా నుండిన జనసంఖ్య, 1921 నాటికి 25 కోట్ల 13 లక్షలకు దిగినది. ఇరువదవ శతాబ్దమున మన జనాభా పెరుగుటకు మారు తరిగిన దశాబ్దము అది యొక్కటే. ఆ జ్వరమునకు మూలమైన సూక్ష్మజీవిని మనుష్యులనుండి వేరుపరచి గుర్తించుటకు శాస్త్రజ్ఞులకు 1933 దాక పట్టినది. అంతవరకు శత్రువెవరో తెలియదు, మందు లేదు, టీకా లేదు. వైద్యశాస్త్ర మింతగా వృద్ధిపొందిన పిమ్మట సైతము, 2020లో కరోనా వచ్చినప్పుడు, టీకా చేతికందువరకు మనకు దిక్కైనవి ఆ పాత సాధనములే: ముఖమునకు గుడ్డ, చేతికి సబ్బు, మనిషికి మనిషికి నడుమ కొంత ఎడము, ఇంటికి గాలి. మందు లేని దినములలో మనలను కాపాడిన యలవాట్లు, మందు దొరకు దినములలో విడువదగినవి కావు.

శ్వాసరోగములు ఒకరినుండి మరియొకరికి సంక్రమించు దారులు స్థూలముగా మూడు. మొదటిది చేయి. జలుబు చేసినవాడు ముక్కు తుడుచుకొన్న చేతితోనే తలుపు గడియను, బస్సులోని కడ్డీని, బడిలోని నీళ్ల గ్లాసును ముట్టును. అతని వెనుక వచ్చినవాడు వానిని తాకి, ఆ చేతితోనే కన్ను నులుముకొనును. రెండవది తుంపర. దగ్గినను, తుమ్మినను, బిగ్గరగా మాటాడినను నోటినుండి వెడలు పెద్ద బిందువులు సాధారణముగా ఒక బార దూరములోనే నేల రాలును. ఆలోపల ఎవరి ముఖమైన ఉన్నచో దానిమీద పడును. మూడవది సూక్ష్మకణము. చిన్న బిందువులు నేల చేరకమునుపే నీరింకి, కంటికి కనబడని రేణువులై, గాలి కదలిక లేని గదిలో గంటల తరబడి తేలియాడుచుండును; విడిచినవాడు వెడలిపోయిన పిమ్మటను, లోనికి వచ్చినవాడు వానిని పీల్చును.

ఈ మూడవ దారిని కనుగొనుటకు మానవజాతికి చాలకాలము పట్టినది. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్టు కోఖ్ క్షయరోగబీజమును లోకమునకు చూపిన తరువాత, రోగి ఉమ్మిన కఫము ఎండి, ధూళితో కలిసి లేచి, ఇతరుల కంటునని వైద్యులు ప్రధానముగా నమ్మిరి. న్యూయార్కు నగరము 1896లో బహిరంగస్థలములందు ఉమ్ముటను నిషేధించినది ఆ కాలపు తలంపుతోనే. పిమ్మట కార్ల్ ఫ్లూగె యను జర్మను పండితుడు నోటి తుంపరలను పరీక్షించి వాని ప్రాముఖ్యమును చాటెను. ఆ తుంపరలు గాలిలోనే ఎండి తేలుచుండునని విలియం వెల్స్ 1934లో వివరించెను. దీనిని కన్నులకు కట్టినట్లు నిరూపించినది రిచర్డ్ రైలీ బాల్టిమోరు నగరమున చేయించిన ప్రయోగము. క్షయరోగులుండిన ఆరు గదుల వార్డులోని గాలిని గొట్టముల ద్వారా పైకి తీసికొనిపోయి, అచ్చట బోనులలో నుంచిన గినీపందుల మీదికి విడిచిరి. ఆ జంతువులు రోగుల ముఖమెరుగవు, వారి పక్క తాకలేదు, వారి కఫము చూడలేదు. వారు విడిచిన గాలిని మాత్రమే పీల్చినవి. ఐనను వానిలో ననేకములకు క్షయ సోకినది. అదే గాలిని అతినీలలోహిత కిరణముల క్రిందుగా పంపి మరియొక బోనులోనికి విడువగా, అందలి జంతువులు క్షేమముగా నుండినవి. గాలినికూడ శుభ్రము చేయవలెననియు, చేయవచ్చుననియు ఈ యొక్క ప్రయోగము తేల్చినది.

ఇంత తెలిసియు, 2020లో మనము మొదట పట్టుకొన్నది చేతులనే. కూరగాయలను ఉప్పునీట కడిగితిమి. పాలపాకెట్లను సబ్బుతో తోమితిమి. నోట్ల కట్టలను ఎండలో పెట్టితిమి. కిటికీలు మాత్రము బిగించుకొని కూర్చుంటిమి. ఆ సంవత్సరము మార్చి 10వ తేదీ రాత్రి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, స్కాజిట్ లోయకు చెందిన ఒక గాయకబృందము అభ్యాసమునకై సమావేశమైనది. వచ్చినవారు 61 మంది. వారు అజాగ్రత్తపరులు కారు. వాకిటనే చేతులకు శుద్ధిద్రవ మిచ్చిరి. కరచాలనములు, కౌగిలింతలు మానుకొనిరి. కాని మూసిన హాలులో రెండున్నర గంటలసేపు గొంతెత్తి పాడిరి. ఒకరికి అప్పటికే ఒంట నలతగా నుండినది. తరువాతి దినములలో మరి 52 మందికి జబ్బు చేసినది, ఇద్దరు మరణించిరి. మన భజనమందిరములును, కోలాటపు మేళములును, ఏసీ పెట్టిన కల్యాణమండపములును మనసులో నుంచుకొని ఈ వృత్తాంతమును మరల చదివికొనవలెను. చేతిదారి మూసి గాలిదారి తెరచియుంచినచో, రోగము తెరచిన దారినే వచ్చును.

ఆ గాలిదారిని గుడ్డతో అడ్డగించిన ప్రథమగణ్యులలో నొకడు వూ లియెన్ తే. ఆయన 1879లో పెనాంగులో జన్మించి, కేంబ్రిడ్జిలో వైద్యము చదివిన చీనా వైద్యుడు. 1910వ సంవత్సరము కడపట మంచూరియాలో ప్లేగు మహామారి చెలరేగినప్పుడు హార్బిన్ నగరమునకు పంపబడి, శవపరీక్ష చేసి, ఈ మహామారి ఎలుకలవలన, వానిమీది కీటకములవలన వచ్చునది కాదనియు, ఊపిరితిత్తులలో నుండి ఊపిరి ద్వారా వ్యాపించుచున్నదనియు నిర్ణయించెను. దూదిని నడుమ నుంచి మడచిన పలుచని గుడ్డను ముక్కుకు నోటికి కట్టుకొనుడని వైద్యులను, సేవకులను శాసించెను. ఫ్రాన్సు దేశీయుడైన మెనీ యను సుప్రసిద్ధ వైద్యుడు ఈ సిద్ధాంతమును చులకన చేసి, ముఖమునకు గుడ్డ లేకయే రోగులను చూచి, కొలది దినములలో ఆ రోగముచేతనే మృతినొందెను. అటుపిమ్మట హార్బిన్ వీథులలో గుడ్డ కట్టని ముఖము అరుదైనది. దాదాపు 60,000 మందిని బలిగొన్న ఆ మహామారి, రోగులను వేరుపరచుటవలనను, రాకపోకలను అరికట్టుటవలనను, ఇట్టి జాగ్రత్తలవలనను 1911 వసంతము నాటికి అణగిపోయినది.

ఇంతవరకు శాస్త్రము. ఇక మన ఇంటి సంగతికి వత్తము.

శుభ్రత మనకు క్రొత్త కాదు. బయటినుండి వచ్చినవాడు కాళ్లు కడుగుకొననిదే గడప దాటరాదని నేర్చిన జాతి మనది. ఐతే మన శౌచాచారములలో రెండు వేర్వేరు స్వభావములు కలవు. ఒకటి మడి. మడి కట్టుకొన్నవాడు లోకమువలన తనకు మైల సోకకుండ చూచుకొనును. తడిబట్టతో దూరముగా తొలగి నడచును. అచ్చట కాపాడబడునది తాను, అనుమానింపబడునది ఇతరుడు. రెండవది ఎంగిలి. ఎంగిలి ధర్మము దీనికి సరిగా ఎదురైనది. తాను కొరికిన పండును అతిథికి పెట్టరాదు. చెంబు నెత్తి పెదవులకు తగులకుండ నీళ్లు త్రాగవలెను, ఏలయన తరువాత త్రాగువాడొకడు కలడు. పులుసు మరుగుచుండగా ఉప్పు సరిపోయినదో లేదో చూడదలచిన ఇల్లాలు, గరిటెను నోటికి తగిలింపక, ఎడమచేతి అరచేతిలో నొక బొట్టు వేసికొని నాలుకకు రాచుకొని, ఆ చేయి కడుగుకొని మరల గరిటె పట్టును. ఆమెకు ఎవరును సూక్ష్మజీవిశాస్త్రము చెప్పలేదు. తన నోటిది ఇతరుల నోటికి పోరాదన్న మర్యాద యొకటి ఆమె రక్తములో నున్నది.

శ్వాసరోగముల విషయమున మనకు కావలసినది ఈ రెండవ ధర్మము. దగ్గులోను తుమ్ములోను గాలికెక్కునది మన నోటి తడియే, మన ఊపిరితిత్తుల తడియే. అది ఎంగిలి కాక మరియేమి? గరిటెను ఎంగిలి చేయనొల్లని చేయి, అదే పులుసుగిన్నె మీద తుమ్ము వచ్చినప్పుడు ముఖము త్రిప్పుకొనుటకు మరచుచున్నది. చెంబెత్తి త్రాగు పెద్దమనిషి, బస్సులో ముందు కూర్చున్నవాని మెడమీద నిశ్చింతగా దగ్గుచున్నాడు. కంటికి కనబడు ఎంగిలికి మనము పెట్టుకొన్న కట్టుబాటును కనబడని ఎంగిలికికూడ పొడిగించినచో, ఈ ఉపన్యాసము చేయదలచిన పని ముగిసినట్లే.

మడి మార్గము మనలను ఎచ్చటికి కొనిపోయినదో కూడ దాచక చెప్పవలెను. శుచి పేరిట మనుష్యులకు మనుష్యులను దూరము చేసితిమి. ఊరి చెరువును, గుడిని, బడిని కొందరికి మూసితిమి. రోగము వచ్చినప్పుడును ఆ పాతబుద్ధియే పైకి వచ్చుచున్నది. క్షయ అని తెలిసిన కోడలిని పుట్టింటికి పంపుట, జ్వరమువచ్చిన అద్దెవానిని ఇల్లు ఖాళీచేయించుట, కరోనా వార్డులో పనిచేసిన నర్సును వీథిలోనికి రానీయకుండుట మనము చూచినవే. ఇట్టి భయమునకు ఫలము రోగము దాచుకొనుట. దాచుకొన్న రోగము మందు లేక ముదురును, ముదిరినది పదిమందికి అంటును.

ఈ సందర్భమున మన ప్రాంతపు అనుభవము స్మరింపదగినది. 1912లో మదనపల్లెలో మొదలై, 1915లో ఊరివెలుపల కొండల నడుమకు తరలిన ఆరోగ్యవరము క్షయచికిత్సాలయము దక్షిణదేశమున పేరెన్నికగన్నది. క్రిస్టియన్ ఫ్రీమోట్ మోలర్ అను డెన్మార్కు వైద్యుడు దానికి తొలి అధికారి. క్షయకు మందు లేని ఆ దినములలో అచ్చటి చికిత్స యెల్ల తెరపిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము. వికారాబాదు చెంత అనంతగిరి కొండలమీదను ఇట్టి చికిత్సాలయమే వెలసినది. 1948లో బి.సి.జి. టీకా ఈ దేశమున మొదట ప్రవేశించిన తావులలో మదనపల్లె యొకటి. మందులు వచ్చిన పిమ్మట, 1956లో మద్రాసు నగరమున నెలకొన్న క్షయ ఔషధచికిత్సా కేంద్రమువారు, డాక్టరు వాలెస్ ఫాక్స్ నాయకత్వమున, ఒక సాహసమైన ప్రశ్న వేసిరి: ఇరుకిండ్లలో, చాలీచాలని తిండితో బ్రతుకు రోగిని ఇంటనే యుంచి మందిచ్చినచో ఏమగును? కొందరికి ఇంటను, కొందరికి శానిటోరియములోను ఒకే విధమైన మందులు ఏడాదిపాటు ఇచ్చి చూడగా, ఇరుతెగలవారును ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. ఇంట నున్న రోగులవలన వారి బిడ్డలకు, కుటుంబీకులకు అధికముగా రోగమంటినట్లు కానరాలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితము లోకమున క్షయచికిత్స పద్ధతినే మార్చివేసినది.

అందులో మనకు పాఠమేమనగా, మందు మొదలైన రోగివలన అపాయము శీఘ్రముగా తగ్గిపోవును. అపాయమెల్ల రోగము తెలియకమునుపటి దగ్గులో నున్నది. ప్రపంచములోని క్షయరోగులలో ఇంచుమించు నాలుగింట ఒక వంతు నేటికిని మన దేశముననే కలరు. కావున రెండు వారములు దాటిన దగ్గును "చలవ చేసినది", "ధూళి పడలేదు" అని సరిపుచ్చుకొనక కఫపరీక్ష చేయించుకొనుటయు, పరీక్ష తేలువరకు ముఖమునకు గుడ్డ కట్టుకొని గాలి తగులుచోట పండుకొనుటయు, ఆ ఇంటివారికి చేయగల మేళ్లలో మొదటివి. దూరముంచవలసినది కొన్నాళ్లపాటు ఆ మనిషి ఊపిరిని. మనిషిని ఎన్నడును కాదు.

ఇక నిత్యకృత్యముల మాట. తుమ్మును గూర్చి మనకున్నంత శాస్త్రము మరియొకరికి లేదేమో! ప్రయాణమునకు బయలుదేరునప్పుడు ఎవరైన తుమ్మినచో, కాసేపు కూర్చుండి, మంచినీళ్లు త్రాగి మరల లేతుము. పసివాడు తుమ్మినచో "చిరంజీవ" అని దీవింతుము. తుమ్మువలన మన పనికి కలుగు విఘ్నమును ఇంతగా లెక్కించిన మనము, దానివలన ప్రక్కవానికి కలుగు విఘ్నమును లెక్కింప మరచితిమి. దీవించుటతోపాటు, ఆ పసివానికి మోచేతి మడతలో తుమ్ముటను నేర్పవలెను. అరచేయి అడ్డుపెట్టినచో ఆ చేయియే మరల పలకను, పెన్సిలును, స్నేహితుని భుజమును పట్టును. పురుషులకు కండువా, స్త్రీలకు పమిటచెంగు అందుబాటులో నుండుట మేలే గాని, దగ్గునకు అడ్డుపెట్టుకొన్న చెంగుతోనే తల్లి బిడ్డ మూతి తుడుచుట నేను పలుమారులు చూచితిని. దానికి వేరొక చేతిగుడ్డ నుంచుకొని, ప్రతిదినము ఉతికి ఎండవేయుట మంచిది.

చేతులను గూర్చి పైని కొంత తేలికగా మాటాడితినని తలపవలదు. 2005లో ప్రకటింపబడిన ఒక పరిశోధన కరాచీ నగరపు పేదవాడలలో జరిగినది. కొన్ని పేటలలో ఇంటింటికి సబ్బు ఇచ్చి, చేతులు కడుగుకొనుటను వారము వారము నేర్పిరి. మరికొన్ని పేటలను యథాప్రకారము విడిచిరి. సబ్బు అందిన ఇండ్లలో అయిదేండ్లలోపు పిల్లలకు న్యుమోనియా వచ్చుట సగమునకు తగ్గినది. ఇందులో ఔషధపు సబ్బు సాదా సబ్బుకంటె మిన్నగా తేలలేదు. మన ఇండ్లలో తిన్న పిమ్మట సబ్బు వెదకుదురు. తినకముందు నీళ్లతో సరిపెట్టుకొందురు. సబ్బుతో, వ్రేళ్ల సందులను, గోళ్ల మొదళ్లను, బొటనవ్రేలి చుట్టును రుద్దుచు, ఇరువది లెక్కించువరకు కడిగిన చేయి శుభ్రమైన చేయి.

గాలి విషయమున మనము వెనుకకు నడచితిమి. పాతకాలపు మండువా లోగిలి నడిమింటనే ఆకాశము కనబడెడిది. నలుగురు మాటాడుకొన్నను, దగ్గుకొన్నను ఆ ఊపిరి పైకి పోవుటకు దారి యుండెడిది. ఐతే ఆ లోగిలిలోనే, బాలింతకు "గాలి సోకును" అని పురిటిగది కిటికీ మూసి, సందులలో గుడ్డలు కుక్కి, సాంబ్రాణి పొగ వేసి, చూడవచ్చిన బంధువులనందరిని ఒకరి వెంట నొకరిని లోనికి పంపెడివారు. నేటి అపార్ట్‌మెంటులో ఆకాశము పోయినది, పురిటిగది మిగిలినది. ఫ్యానును, గోడకు బిగించిన ఏసీయును ఉన్న గాలినే త్రిప్పి త్రిప్పి మనమీదకు విడుచునే గాని క్రొత్తగాలిని తేవు. జలుబు చేసినవాడు ఇంటనుండగా ఎదురెదురు కిటికీలను తెరచుట, చలికాలమైనను గంటకు కొన్ని నిమిషములైన గాలి మార్చుట, రాత్రి బస్సులో అద్దమును రెండంగుళములు జరుపుట, ఇవియు శుభ్రతలోనివే. వాకిట కళ్లాపి చల్లుట ఎట్టి గృహధర్మమో, గదిలోని గాలి మార్చుట అట్టి గృహధర్మము.

వ్యక్తులను మందలించి సంఘమును విడిచినచో న్యాయము కాదు. ఏడాది పొడుగున ఒక్కదినమైనను బడి మానని పిల్లవానికి వార్షికోత్సవమున బహుమానము నిచ్చుచున్నాము. ఆ బహుమానము కొరకు జ్వరముతో వచ్చి తరగతికెల్ల జ్వరము పంచిపెట్టిన బాలుని తప్పేమి? దినకూలీ మానినచో పొయ్యి రాజని ఇంటివానితో "మూడు దినములు విశ్రమింపుము" అని చెప్పుట సులభము. ఆ మూడు దినముల కూలి ఎవరిత్తురు? బడిలో కుళాయి యున్నచో నీరుండదు, నీరున్నచో సబ్బుండదు. రోగముతో వచ్చినవానిని మెచ్చుకొనక ఇంటికి పంపు కార్యాలయము, జీతము కోయక సెలవిచ్చు యజమాని, ప్రతి తరగతి గుమ్మమువద్ద నీళ్లు సబ్బు పెట్టించు పాఠశాల, కిటికీలు తెరచుకొను విధముగా కట్టబడిన కల్యాణమండపము, ఇవి లేనిదే మర్యాద ఒంటరిదై నిలువలేదు.

ఇన్‌ఫ్లుయెంజా సోకినవాడు తనకు జ్వరము తెలియుటకు ఒకదినము ముందునుండియే దానిని ఇతరులకు పంచుచుండును, కరోనాయును అట్టిదే. ఎవరు ఎప్పుడు రోగవాహకులమో మనకే తెలియనప్పుడు, ఇతరులను అనుమానించుటవలన లాభమేమి? తన్ను తానే కొంచెము అనుమానించుకొనుట వివేకము. ముక్కు కారుచున్ననాడు తాతగారి పక్కను చేరకుండుట, ముఖమునకు మాస్కు పెట్టుకొని బస్సెక్కుట, తెలిసినవారి శిశువును ముద్దాడక దూరమునుండి పలుకరించి వచ్చుట, ఇవి పిరికితనమునకు గుర్తులు కావు. మాస్కు ధరించినవానిని చూచి "ఏమిటి, భయమా?" అని అడుగు వాడుక మనలో పోవలెను, అతడు మనలను కాపాడుచున్నాడని గ్రహించి అతనికి చోటిచ్చు వాడుక రావలెను.

ఈ మర్యాదను నేర్పుటకు ఉపన్యాసములు చాలవు. ఇంట పెద్దలు చేయుచుండగా పిల్లలు చూడవలెను. ఎంగిలి చేయరాదని మనకు ఎవరును పాఠము చెప్పలేదు. అమ్మ గరిటె పట్టుకొన్న తీరు చూచి నేర్చితిమి. అట్లే, దగ్గు వచ్చినప్పుడు తండ్రి ముఖము ప్రక్కకు త్రిప్పి మోచేయి అడ్డుపెట్టుకొనగా చూచిన బిడ్డకు వేరే బోధ అక్కరలేదు. ఆ నేర్పు ఒక్క తరములో కుదురుకొన్నచో, రాబోవు మహమ్మారి ఏ పేరుతో వచ్చినను, దానికి మొదటి యడ్డు మన ఇంటి గడపయే కాగలదు.